ఐదు వరసల గోపురం

స్పూలు టేపు మిషను తిరుగుతోంది. అప్పలరాజు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, మోటారు కప్పీకి తను అంటించిన కాగితపు చారల్ని చూస్తున్నాడు. ఒక నల్లది, ఒక తెల్లది, మళ్లీ నల్లది. తలమీద చోకు ట్యూబులైటు సన్నగా బుసకొడుతోంది. హరికిరణ్ గదిలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీ దీపాలే. వాటి వెలుగులో ఈ పరీక్ష తేలదని, టాటానగర్ అటు చివరున్న బిర్సానగర్‌లో తన మోటారు వైండింగు దుకాణంలో మూలపడి ఉన్న పాత ట్యూబులైటు పట్టీని స్కూటరుకి అడ్డంగా కట్టుకుని సీతారాండేరా దాకా తెచ్చాడు. మోటారు ఉండాల్సిన వేగంతో తిరిగితే ట్యూబులైటు కింద ఆ చారలు కదలనట్టే కనిపించాలి. ఏమాత్రం తేడా ఉన్నా చీమలబారులా ముందుకో వెనక్కో పాకుతాయి.

పాకడం లేదు. మేకు కొట్టినట్టు నిలబడ్డాయి.

“సూడు,” అన్నాడు.

హరికిరణ్ చూడలేదు. చెవుల మీద హెడ్‌ఫోన్లు, కళ్లు ల్యాప్‌టాప్ మీద. పాతికేళ్లవాడు. తెలుగు కాలనీ అమ్మవారి పండగ కమిటీ ప్రెసిడెంటు కొడుకు. మేడమీద గదికి గుడ్ల అట్టలు అంటించి స్టూడియో అన్నాడు. పెళ్లి వీడియోలకీ, భజన మండళ్లకీ రికార్డింగులు చేస్తాడు. ముప్పై ఏళ్ల కిందట పోలమ్మ చెప్పిన జముకుల కథ స్పూలు టేపుని కంప్యూటర్లోకి ఎక్కించి, శుభ్రం చేసి, వచ్చే ఆదివారం ఘటాలు ఎత్తే వేళకి పందిట్లో వేయించాలని కమిటీ తీర్మానం. పోలమ్మ పోయి ఆరేళ్లయింది. ఆవిడ గొంతు మిగిలింది ఈ ఒక్క టేపులోనే.

“సూడమంటే సూడవేటి?” ఈసారి కాస్త గట్టిగా అన్నాడు అప్పలరాజు.

హరికిరణ్ ఒక చెవి తప్పించాడు. “దేఖ్ లియా చాచా. మోటర్ ఠీక్ హై. తో ఫిర్ టేప్ క్యూఁ భాగ్ రహా హై?”

మోటారు బాగుంటే టేపెందుకు పరిగెడుతోంది. వారం నుంచి ఇదే ప్రశ్న. మిషను తెచ్చి తన బల్లమీద పెట్టినరోజు దానికి బెల్టు లేదు, కెపాసిటరు ఉబ్బిపోయింది, మోటారు చుట్ట మాడి నల్లబడింది. అప్పలరాజు చుట్ట విప్పి, ఎన్ని చుట్లో రెండుసార్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నీషు ఆరబెట్టి ఇచ్చాడు. ఇచ్చిన మూడోనాడే ఫోను. కథంతా తొందరగా నడుస్తోంది, నీ మోటారే దొంగది అని. వచ్చి చూస్తే ఆ తప్పు ల్యాప్‌టాప్‌ది. లోపలికి తీసుకునేటప్పుడు ఒక అంకె, బయటికి వినిపించేటప్పుడు ఇంకో అంకె పెట్టాడు కుర్రాడు. నలభై నాలుగు వేలనీ, నలభై ఎనిమిది వేలనీ ఏదో చెప్పాడు. అది సరిచేశాక కథ దారిన పడింది. మళ్లీ ఫోను. మొత్తం కాదట, పదిహేడో నిమిషం దగ్గర మొదలవుతుందట.

“విను,” అని హరికిరణ్ స్పీకరు పెట్టాడు.

పోలమ్మ గొంతు గదిలోకి వచ్చింది. పక్కన జముకు, చంకన ఇరికించి నరం మీటితే వచ్చే ఆ లోతైన ‘జుంయ్’. వాటి మీద సాఫ్ట్‌వేరు కొట్టే టిక్కు, టిక్కు. మొదట ముగ్గురూ కలిసి నడిచారు. పదిహేడో నిమిషంలో ఘటం పందిట్లోకి వస్తున్నట్టు డప్పులు దగ్గరయ్యాయి, జనం గోల వినిపించింది. అంతే, జముకు టిక్కుని దాటి ముందుకు దూకింది. పోలమ్మ గొంతూ దాని వెంటే. కాసేపు పరిగెత్తి, ఠక్కున వెనక్కి తగ్గి, మళ్లీ పరుగు.

“దేఖా? బెల్టు నయా, మోటర్ ఠీక్, టేపు సాగలేదు, సాఫ్ట్‌వేర్ ఠీక్. ఇంకేం మిగిలింది?” కుర్రాడు బొటనవేలు నోటికి చూపించి, గ్లాసు ఎత్తినట్టు తల వెనక్కి వంచాడు. “జముకు పట్టిన తవిటయ్య దాదా.”

అప్పలరాజు స్క్రూడ్రైవరుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

“ఆ జముకు ఉన్న వైపు మ్యూట్ చేసేస్తా,” అన్నాడు హరికిరణ్. “కొత్త బీట్ వేస్తా. పోలమ్మ నానీ గొంతుని ముక్కలు ముక్కలుగా కోసి టిక్కు మీద కూర్చోబెడతా. పాపాజీ కూడా అదే చెయ్యమన్నారు. శుక్రవారానికి పెన్‌డ్రైవు మైకుసెట్టువాడికి ఇచ్చెయ్యాలి.”

“తీసెత్తావా? మొత్తం?”

“ఔర్ క్యా.”

అప్పలరాజు ట్యూబులైటు విప్పకుండానే మెట్లు దిగిపోయాడు.

*

ఈ ఊళ్లో అతన్ని నిలబెట్టిన మనిషి తవిటయ్య. సొంత మేనమామ కాదు, ఊరి వరసన మావ. చీపురుపల్లి అవతలి పల్లెలో ఏడో తరగతితో బడి మానేసిన అప్పలరాజుని రైలెక్కించి తెచ్చి, టాటానగర్ స్టేషన్లో దించి, తన ఇంటి వసారాలో చాప పరిచి, వైండింగు దుకాణంలో పనికి పెట్టించాడు. తవిటయ్య పగలు కంట్రాక్టు కింద ఇటుకల బట్టీ గోడలు కట్టేవాడు, పండగలొస్తే పోలమ్మ పక్కన జముకు పట్టేవాడు. ఘటం ఎత్తిన దగ్గర్నుంచి అమ్మవారిని సాగనంపే అనుపు జరిగేదాకా కథ చెప్పేవాళ్లకి నియమం ఉంటుంది. ఒంటిపూట తిండి, నేలపడక, సారా వాసన తగలకూడదు.

ముప్పై ఏళ్ల కిందట ఆ కథని రైల్వేలో పనిచేసే జయప్రకాష్ తన స్పూలు మిషను మీద పట్టాడు, ఇప్పుడు హరికిరణ్ గదిలో ఉన్నది అదే. దాన్నుంచి క్యాసెట్లు తీసి అందరూ పంచుకున్నారు. ఊరికి కూడా పోయాయి. విన్నవాళ్లంతా ఒకటే మాట. ఘటం పందిట్లోకి రాగానే తవిటయ్య చెయ్యి తప్పింది, నియమం చెరిపాడు, అమ్మవారు ఊరుకోలేదు. పందిట్లో కూర్చుని విన్నవాళ్లకి ఆ పూట ఏ తేడా తెలియలేదు. కానీ క్యాసెట్టు పదిసార్లు విన్నాక వాళ్లూ, అవును, అప్పుడే అనుకున్నాం అనసాగారు. తవిటయ్య కూడా క్యాసెట్టు విన్నాడు. విని, ఎవరితోనూ వాదించకుండా జముకుని అటకమీద పెట్టేశాడు. పోలమ్మ ఇంకొకణ్ణి చూసుకుంది.

అప్పలరాజు స్కూటరు భాలుబాసా సందులోకి తిరిగింది. వెళ్లి ఏం చెప్పాలో తెలియదు. మనిషి లేకుండా మనిషి చేతిని తీసేస్తుంటే ఒక మాట చెప్పొద్దా అనిపించింది, అంతే.

గుమ్మంలో ఈశ్వరి చింతపండు గింజలు తీస్తోంది. తవిటయ్య కూతురు. మొగుడు డ్యూటీకి పోతే తండ్రిని చూసుకుంటుంది.

“ఏటి బావా, దారి తప్పేవా? ఏడాదికోపాలి కూడా ఇటు తొంగి సూడవు.”

“ఊరికే.”

“ఊరికేనట. ఈ మనిషికి మాటలు కొనిపెట్టాలి నాయనా. ఎల్లు, లోపల కూకున్నాడు.”

తవిటయ్య మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. డెబ్బై ఐదు దాటాయి. వేళ్లు మాత్రం ఇంకా లావుగా, గట్టిగా ఉన్నాయి. అవి ఊరుకోవు. మోకాలి మీద ఒకటి, మంచం పట్టె మీద ఇంకొకటి ఏదో లెక్క వేసుకుంటూనే ఉంటాయి. అప్పలరాజు ఎప్పుడొచ్చినా ముందు ఆ వేళ్లనే చూస్తాడు.

“టేపు బాగైనాదేటిరా?”

“నీకెవులు సెప్పేరు?”

“కాలనీ కాలనీ సెప్పుకుంతంటే నాకు సెవుల్లేవా?”

అప్పలరాజు గోడవైపు చూస్తూ అన్నాడు. “జముకు తీసెత్తారట మావా. కంప్యూటరు బీటు ఎడతారట.”

వేళ్లు ఆగాయి. తలుపు దగ్గర ఈశ్వరి చేతులు కూడా ఆగాయి.

“తీసీమను,” అన్నాడు తవిటయ్య. “మంచి పనే. పోలమ్మ పాటకి నా మూలాన మచ్చెందుకు?”

“అది కాదు మావా...”

“ఇనరా. నాను సారా ముట్నేదు. ఆ మూడు దినాలూ ముట్నేదు. ఎవులు నమ్మినా నమ్మాపోయినా నీకు సెప్తన్నాను. అయితే తప్పిందా నేదా? తప్పింది. నా సెవుల్తో ఇన్నాను. మరెందుకు తప్పింది? ఆలోసించేను. ఆ పొద్దున దీని తల్లిని ఒక మాటన్నాను. ఘటం మోసేవోలకి అడ్డంగా నడిసినానేమో. కాళ్లు కడక్కుండా గద్దె మెట్టెక్కినానేమో. ముప్పై ఏళ్లు ఒరే, ముప్పై ఏళ్లు ఎతుకుతున్నాను, ఏ తప్పుకి ఆయమ్మ నా సెయ్యి లాగీసిందా అని. దొరకనేదు.”

అప్పలరాజు అడగాలి కాబట్టి అడిగాడు. “సరిగ్గా ఎక్కడ?”

“ఘటం పందిట్లో అడుగెట్టింది. నీ దీపాల గోపురం ఎలిగింది. అయ్యబాబోయ్, ఏటి ఎలుతురది! అది సూత్తానే వాయించేను. ఆ కాణ్ణుంచే.”

*

బిర్సానగర్ దారిలో ఒక షాపు ముందు గేటుకి వెల్డింగు చేస్తున్నారు. రోడ్డు పక్కన డీజిలు జనరేటరు పెట్టుకున్నారు. వెల్డరు రాడ్డు ఆనించినప్పుడల్లా ఇంజను గొంతు దిగుతోంది. డబడబలాడేది కాస్తా డబ్... డబ్... అని మూలుగుతోంది. రాడ్డు తియ్యగానే మళ్లీ ఊపిరి పీల్చుకుంటోంది.

అప్పలరాజు స్కూటరు ఆపాడు. వెనక ఆటోవాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు.

ఆ ఏడు పందిరి వేసిన మైదానానికి కరెంటు లైను లేదు. అతను పనిచేసే దుకాణంవాళ్ల జనరేటరు అద్దెకి తెచ్చారు. దాన్ని నడిపింది అప్పలరాజే. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. “రికార్డింగు అయ్యేదాకా నా మిషనూ, మైకులూ తప్ప దీని మీద ఇంకేటీ ఎయ్యకు తమ్ముడూ,” అని జయప్రకాష్ రెండుసార్లు చెప్పాడు. అప్పలరాజు రెండుసార్లూ తలూపాడు.

కానీ గోపురం అతని మొదటి పని. ఈ ఊళ్లో తన పేరున చేసిన మొదటి పని. వెదురు బద్దల మీద ఐదు వరసల బల్బులు. పాత టేబులు ఫ్యాను మోటారుకి పళ్లచక్రాలు తగిలించి, చెక్క రోలరు మీద ఇత్తడి రేకులు కొట్టి, వరస తర్వాత వరస వెలిగేలా చేశాడు. కింద వరస, దాని పైది, దాని పైది, నాలుగోది, శిఖరం. అన్నీ వెలిగి ఒక్కసారిగా ఆరిపోయి, మళ్లీ కింది నుంచి. ఘటం వచ్చే క్షణానికి కాకపోతే మరెప్పటికి? ఎవరూ చూడకుండా వైరు తెచ్చి ఆ జనరేటరుకే తగిలించాడు. జనం ‘హా’ అన్నారు. ఇంజను మూలిగింది. అతను ఆ ‘హా’ విన్నాడు గానీ మూలుగు వినలేదు. పట్టించుకోలేదన్నది నిజం.

స్కూటరు స్టాండు వెయ్యకుండా అలాగే కాళ్ల మీద ఆపి నిలబడ్డాడు. జనరేటరు మీద బరువు పడితే ఇంజను నెమ్మదిస్తుంది. ఆ కరెంటు మీద నడిచే స్పూలు మోటారూ నెమ్మదిస్తుంది, ఆ మోటారు రకమే అది. మొన్న తన చేతుల్తో చుట్టాడు. నెమ్మదిగా నడిచిన టేపు మీద ఎక్కిన పాటని ఇవాళ సరైన వేగంతో తిప్పితే అది పరిగెత్తక ఏం చేస్తుంది? మనిషి చెయ్యి పరిగెత్తలేదు. ఆ రోజు టేపు కుంటింది.

కాకపోవచ్చు కూడా. రుజువేముంది? ముప్పై ఏళ్ల నాటి మాట. కుర్రాడు ఎలాగూ జముకు తీసేస్తున్నాడు. తవిటయ్య తీసెయ్యమంటున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ అడగరు. స్కూటరు కదిలించాడు. దుకాణం తెరిచాడు, ఒక పంపు మోటారు విప్పాడు, తీగ కొస ఎక్కడుందో మర్చిపోయి మొదటికి వచ్చాడు. ఇంటికి పోతే అన్నం కంచం ముందు వేళ్లతో ఐదు లెక్కపెడుతున్నాడని భార్య హేమ విసుక్కుంది. “ఏటా లెక్క? అన్నం మెతుకులా?” అంది. అతను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆవిడకి అలవాటే గనక ఆవిడా మళ్లీ అడగలేదు.

*

తెల్లారి ఎనిమిదింటికే సీతారాండేరా మేడమెట్లు ఎక్కాడు. హరికిరణ్ పళ్లు తోముకుంటున్నాడు.

“చాచా, ఇత్నీ సుబహ్? ట్యూబులైట్ కోసమా?”

“తుడవని టేపు ఎయ్యి.”

“క్యా?”

“నువ్వు శుభ్రం సేసినావు కదా, గుయ్యిమనే మోతంతా తుడిసీసినావు కదా. తుడవనిది ఉందా?”

“ఉంది. రా ఫైల్. కానీ అందులో మొత్తం జనరేటర్ హమ్మింగ్, దానికి తోడు శ్రుతిపెట్టె గోల. చాలా కష్టపడి తీశా చాచా దాన్ని.”

“అదే కావాలి.”

కుర్రాడు నోరు పుక్కిలించి వచ్చి, గొణుక్కుంటూ వేశాడు. పదిహేడో నిమిషం. గుయ్యిమని ఒకటే మోత, గీత గీసినట్టు. దానికి పైన శ్రుతిపెట్టె. అది వాయించింది అమ్మణ్ణి, పోలమ్మ చెల్లెలు. డప్పులు దగ్గరయ్యాయి. జనం ‘హా’ అన్నారు.

అప్పలరాజు కళ్లు మూసుకున్నాడు. శ్రుతిపెట్టె పైకి పోతోంది. కొద్దికొద్దిగా, మెట్టు మెట్టుగా.

“ఇన్నావా? శ్రుతి ఎక్కుతంది.”

“హాఁ, పోలమ్మ నానీ జోష్‌లో పైకెళ్లింది కదా...”

“పోలమ్మ కాదురా, పెట్టె. జముకు తొందరపడితే పాడే మనిషి తొందరపడతాది, గొంతు లేపుతాది. పెట్టెలో గాలికి మోగే ఇత్తడి నాలిక ఎందుకు లేత్తాది? తవిటయ్య మావ తాగేడంటారు. ఆ పెట్టె కూడా తాగిందేటి?”

అంత పొడుగు మాట అతని నోట హరికిరణ్ ఎప్పుడూ వినలేదు. హెడ్‌ఫోన్లు మెళ్లోకి దించేశాడు. కుర్చీ ముందుకు లాక్కుని, శ్రుతి స్వరం ఎక్కడ ఎంత ఎత్తుందో బొమ్మ గీసే కిటికీ ఒకటి తెరిచాడు. ల్యాప్‌టాప్ కాసేపు ఆలోచించింది. తెరమీద పచ్చగీత ఎడమ నుంచి తిన్నగా వచ్చింది. ‘హా’ దగ్గర ఒక మెట్టెక్కింది. కాస్త నడిచి ఇంకో మెట్టు. మూడు. నాలుగు. ఐదు. అక్కణ్ణుంచి నిలువునా కింద పడింది. మళ్లీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

“యే క్యా హై?” కుర్రాడు ముందుకు వంగాడు. “ప్రతిసారీ ఐదే. సీఢీ, మెట్ల లాగ.”

“గోపురం,” అన్నాడు అప్పలరాజు.

తను కట్టిన గోపురమే. ముప్పై ఏళ్ల కిందట వెదురు బద్దల మీద కట్టింది ఇవాళ గాజు తెరమీద పచ్చగా వెలుగుతోంది. బల్బుల వరస ఒక్కొక్కటీ వెలిగినప్పుడల్లా ఇంజను ఒక్కో మెట్టు దిగింది. టేపులో పాట ఒక్కో మెట్టు ఎక్కింది. ఆ సంగతి నాలుగు ముక్కల్లో, తెర వైపు చూస్తూనే చెప్పాడు. జయప్రకాష్ రెండుసార్లు చెప్పిన మాట కూడా దాచలేదు. చెప్పాక అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

హరికిరణ్ వినీ వినగానే పనిలో పడ్డాడు. శ్రుతి గీతని సాఫ్ట్‌వేరుకి కొలబద్దగా ఇచ్చాడు. ఎక్కిన మెట్టునల్లా కిందికి లాగి, గీతని నేలమట్టం చెయ్యమన్నాడు. శబ్దం అంతా దాంతోపాటే సాగి సర్దుకుంటుందట. రెండుసార్లు వికటించింది. ఒకసారి పోలమ్మ గొంతు మగగొంతైంది. ఒకసారి కంప్యూటరే ఆగిపోయింది. అప్పలరాజు కిటికీ దగ్గరికీ మిషను దగ్గరికీ తిరుగుతూనే ఉన్నాడు. “బైఠో నా చాచా, తల తిరుగుతోంది,” అని హరికిరణ్ అన్నాక కూర్చుని, వెంటనే లేచాడు. మూడోసారి పదకొండు గంటలవుతుండగా కుదిరింది.

వేశాడు. టిక్కు, టిక్కు. జముకు టిక్కుతోపాటే నడిచింది. ఘటం వచ్చింది, జనం ‘హా’ అన్నారు, జముకు వెంట్రుకవాసి కదల్లేదు. పైగా ఆ గోలలో, ఆ కొత్త వెలుతురులో, ఇంకా బలంగా, నిబ్బరంగా మోగింది.

కదిలింది మోత. ఇందాకటి దాకా గీత గీసినట్టున్న ఆ గుయ్యిమనే చప్పుడు ‘హా’ దగ్గర ఒక మెట్టు దిగింది, ఇంకో మెట్టు, ఇంకోటి, ఐదో మెట్టు దగ్గర బరువు మోయలేని ఎద్దులా మూలిగి, చటుక్కున లేచి, మళ్లీ దిగడం మొదలెట్టింది. పాత టేపులో జనరేటరూ మిషనూ కూడబలుక్కున్న దొంగల్లా కలిసి కుంటాయి కనుక ఇద్దరి తప్పూ బయటపడలేదు. నిటారుగా నడిచినవాడి మీద పడింది.

హరికిరణ్ చేతులు తల వెనక్కి పెట్టుకుని పకపకా నవ్వాడు. “బచ్ గయా చాచా! జముకు ఉంచేస్తా. కొత్త బీటు అక్కర్లేదు. ఆ మోత మళ్లీ తుడిచేస్తా, ఫస్ట్ క్లాస్ అయిపోతుంది. పాపాజీకి చెప్తా, సాఫ్ట్‌వేర్ నే సబ్ ఠీక్ కర్ దియా అని.”

అప్పలరాజు ట్యూబులైటు విప్పుతున్నవాడల్లా ఆగాడు.

“ఏటని సెప్తావు?”

“తవిటయ్య దాదా తప్పుల్ని కంప్యూటర్ సరిచేసిందని. ఔర్ క్యా? నువ్వు టెన్షన్ తీసుకోకు, నీ లైట్ల సంగతి నేనెవరికీ చెప్పను. కసమ్ సే, ఒట్టు.”

నిజంగా మంచితనంతోనే అన్నాడు. కాలనీ అంతా మెచ్చుకుంటుంది. జముకు ఉంటుంది, పోలమ్మ ఉంటుంది. తవిటయ్య మాత్రం కంప్యూటరు దయతో నిలబడ్డవాడు అవుతాడు. అటకమీది తప్పు అటకమీదే ఉంటుంది. మంచం మీద కూర్చుని ఆ వేళ్లు ఇంకా వెతుకుతూనే ఉంటాయి, కాళ్లు కడుక్కున్నానా లేదా అని.

“ఇది మూసీకు. అలాగే ఉంచు,” అన్నాడు అప్పలరాజు. “ఒక్క గంటలో ఒత్తాను.”

*

ఈశ్వరి వద్దన్నా వినకుండా తవిటయ్యని స్కూటరు వెనక ఎక్కించుకొచ్చాడు. మేడమెట్లు పదహారు. నాలుగింటికోసారి ముసలాయన నిలబడ్డాడు. హరికిరణ్ పెద్ద కుర్చీ ఖాళీచేసి ఇచ్చాడు. ముందు పాతది వేశాడు. తవిటయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత సరిచేసింది వేశాడు.

తవిటయ్య విన్నాడు. మొదటి నిమిషం ఆయన చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకుని ఉంది. ఘటం వచ్చే చోట కళ్లు గట్టిగా మూసుకున్నాడు, దెబ్బ తగలబోయేవాడిలా. దెబ్బ తగల్లేదు. వేలు ఒకటి లేచింది. పిడి మీద పడింది. టేపులో జముకు, పిడి మీద వేలు, ఒక్కటే.

“ఆ మూలుగేటిరా?” అన్నాడు వేలు ఆపకుండానే.

“జనరేటరు.”

“ఎందుకు మూలుగుతంది?”

అప్పలరాజు ఆయనకి ఎదురుగా వచ్చాడు. “నాను దాని మీద గోపురం ఎట్టేను మావా. జయప్రకాషన్న ఒద్దన్నాడు. ఎట్టేను. మిషను కుంటింది. నీ సెయ్యి తప్పనేదు. ఏ తప్పూ నీది కాదు.”

టేపు నడుస్తూనే ఉంది. మెట్టు దిగింది, మెట్టు దిగింది. హరికిరణ్ ఆపబోతే తవిటయ్య ఒద్దని చెయ్యి చూపించాడు. ఆయన ముఖంలో ఏముందో అప్పలరాజుకి అర్థం కాలేదు. కోపమైతే బాగుండును, లేచి ఒకటి కొడితే ఇంకా బాగుండును అనుకున్నాడు.

“నాకు సెప్పినావు,” అన్నాడు తవిటయ్య. “నాకెందుకురా? నాను సారా ముట్నేదని నాకు ముందే తెలుసు. తెలియనోలకి సెప్పు.”

“కమిటీకి సెప్తాను.”

“కమిటీలో పదిమంది. ఆ కేసెట్టు ఊరూరా తిరిగింది. ఇది కూడా తిరుగుతాది కదా? దీన్లో సెప్పు. ముందుగాల నీ మాట ఇనబడాలి. తరవాతే పోలమ్మ.”

హరికిరణ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అప్పలరాజు కళ్లు గుమ్మం మీదికి పోయాయి. పది మందిలో నిలబడి నోరు తెరవని మనిషి. పెళ్లిచూపుల్లో కూడా అవును కాదుతో సరిపెట్టినవాడు. అందరూ అన్నట్టు మాటలు కొనిపెట్టాల్సినవాడు. పందిట్లో, అమ్మవారి ముందు, కాలనీ అంతా వింటుండగా తన గొంతు. ఊళ్లో తన చెల్లెలు వింటుంది. తన మేనల్లుళ్లు వింటారు.

“మైకు ఎట్టు,” అన్నాడు.

హరికిరణ్ మైకు ఎత్తు సరిచేశాడు. తెరమీద ఎర్ర చుక్క వెలిగింది. వేలితో సైగ చేశాడు.

“అందరికీ నమస్కారం. ఈ శుభ సందర్భంగా...”

“సుట్టు తిప్పకు,” అన్నాడు వెనక నుంచి తవిటయ్య.

అప్పలరాజు చెమట తుడుచుకున్నాడు. నోటు పుస్తకం లేదు, రాసుకున్నది లేదు. మైకు జాలీ వైపు కాకుండా పక్కనున్న స్పూలు మిషను వైపు చూస్తూ, దానికి చెప్పినట్టు చెప్పాడు.

“నా పేరు అప్పలరాజు. బిర్సానగర్, మోటారు వైండింగు. ఈ కథ పట్టిన రోజు జనరేటరు నడిపింది నాను. ఒద్దంటే ఇనకుండా దాని మీద దీపాలు ఎట్టింది నాను. ఇంజను దిగింది, టేపు తప్పింది. తవిటయ్య మావ సెయ్యి తప్పనేదు. ఆయన నియమం సెడనేదు. కథలో గుయ్యిమని మూలుగు ఇనబడుతాది. అది నాదే.”

ఎర్ర చుక్క ఆరింది. హరికిరణ్ ఒకసారి వెనక్కి వేసి విని, ముఖం చిట్లించాడు. “చాచా, ఫ్యాన్ సౌండ్ వచ్చేసింది. నమస్కారం ముక్క కూడా కోసెయ్యాలి. ఫ్యాను ఆపుతా, ఇంకోసారి చెప్తావా? లేదా ఆ నాయిస్ నేనే తుడిచేస్తా.”

“ఏ మోతా తుడవకు,” అన్నాడు అప్పలరాజు.

“నమస్కారం?”

“ఉండనీ, తప్పేటి,” అన్నాడు తవిటయ్య. “దేవుడి పందిట్లో ఎడతన్నారు కదా.”

ముసలాయన కుర్చీ పిడులు పట్టుకుని లేచాడు. గుమ్మం దాకా నడిచి, అక్కడ గోడకి చెయ్యి ఆనించి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“ఆ గోపురం మళ్లీ ఎప్పుడూ కట్టనేదేటిరా?”

“నేదు మావా.”

“ఎందుకు?”

అప్పలరాజు ట్యూబులైటు పట్టీ విప్పి చంకన పెట్టుకుని, రెండో చేత్తో ముసలాయన మోచెయ్యి పట్టుకుని, మెట్లు దిగసాగాడు. నాలుగో మెట్టు దగ్గర తవిటయ్య ఆగాడు. అప్పలరాజూ ఆగాడు. తన చేతికింద ఆ మోచెయ్యి సన్నగా, జముకు లెక్క ప్రకారం కదులుతోంది. ఈసారి అతను లెక్కపెట్టలేదు.